పాత జపాన్ బండి బాగుచేసుకుందామా? తక్కువ ఖర్చులో ఏది కొనాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

1970లు, 80లలో వచ్చిన జపాన్ బండి ఒకటి కొని బాగుచేసుకోవాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది ఏ మోడల్ కొనాలని. హోండానా, సుజుకీనా, యమహానా అని నెలల తరబడి తేల్చుకోలేరు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. ఏ స్థితిలో ఉన్న బండి కొంటున్నారన్నది మొదటిది. చేతిలో ఉన్న డబ్బుతో పని పూర్తవుతుందా, సగంలో ఆగిపోతుందా అనేది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అమ్మకానికి వచ్చే పాత బండ్లు దాదాపుగా మూడు రకాలు. మొదటి రకం నడుస్తూనే ఉంటుంది, చూడ్డానికే బాగోదు. పెయింటు వెలిసిపోయి, సీటు చిరిగి, క్రోమ్ మీద తుప్పు మచ్చలు కనిపిస్తాయి. రెండోది ఏళ్లుగా మూలన పడి ఉన్నది, స్టార్ట్ కాదు, కానీ పార్టులన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. మూడోది ఎవరో ఉత్సాహంగా విప్పేసి, కొంత పని చేసి, మిగతాది అట్టపెట్టెల్లో సర్ది అమ్ముతున్నది.

ధర చూస్తే మూడోదే అగ్గువ. చివరికి ఎక్కువ ఖర్చు పెట్టించేదీ అదే. ఏ బోల్టు ఎక్కడిదో విప్పినవాడికే తెలుసు, ఆ జ్ఞాపకం పెట్టెతో పాటు రాదు. సైడ్ ప్యానెల్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, కార్బురేటర్లను కలిపి ఉంచే పట్టీ, ఏదో ఒక స్పేసర్... ఇలా ఏదో ఒకటి తప్పకుండా పోయి ఉంటుంది. ఒక్కోటి చిన్నదే. అన్నీ వెతికి తెప్పించేసరికి తడిసి మోపెడవుతుంది. ఇంజిన్ కూడా విప్పేసి ఉంటే, అది అసలు ఎలా నడిచేదో తెలుసుకునే దారే ఉండదు.

నడుస్తున్న బండికి కాస్త ఎక్కువ ఇస్తున్నామంటే, ఆ ఎక్కువతో మనం కొనేది సమాచారం. ఇంజిన్ చప్పుడు విన్నాం, గేర్లన్నీ పడ్డాయి, బ్యాటరీ ఛార్జ్ అవుతోంది, పొగ రావడం లేదు. ఇవి తెలిశాక మిగిలేది టైర్లు, బ్రేకులు, రబ్బరు పార్టులు, పైపని. వాటి ఖర్చు ముందే లెక్కగట్టొచ్చు. మొదటిసారి ఈ పనిలో దిగేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే రకం. రెండో రకం కూడా మంచిదే, రెండు షరతుల మీద: ఇంజిన్ చేత్తో తిప్పితే తిరగాలి, పార్టులన్నీ ఉండాలి. కప్పు కింద పొడిగా నిలబడ్డ బండి వేరు, వానకు తడిసి ఎండకు ఎండింది వేరు.

ఇంకో రకాన్ని విడిగా చెప్పాలి. స్టైల్ కోసం వెనక ఫ్రేమ్ కోసేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, కార్బురేటర్లకు నేరుగా చిన్న ఫిల్టర్లు తొడిగిన బండి. ఫొటోల్లో అదిరిపోతుంది. వాక్యూమ్‌తో పనిచేసే కార్బురేటర్లకు ఆ డబ్బాలోంచి నిలకడగా వచ్చే గాలి కావాలి. డబ్బా లేకపోతే జెట్లు (పెట్రోల్‌ను కొలిచి వదిలే చిన్న ఇత్తడి ముక్కలు) మార్చి మార్చి చూసినా మధ్య స్పీడులో తడబాటు పోవడం కష్టం. పైగా పాత డబ్బా దొరకదు, దొరికినా కోసిన ఫ్రేమ్‌కు బిగించే చోటుండదు. తక్కువ బడ్జెట్‌లో ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు

వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు కనబడకుండా చేశారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు చోక్ వేస్తే లేచి, వేడెక్కాక చోక్ తీసినా నిలకడగా తిరిగే బండికి సగం మార్కులు అక్కడే వేయొచ్చు.

ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. అడుగున పలచని తుప్పు పొర ఉంటే కంగారు లేదు, శుభ్రం చేయొచ్చు. తుప్పు పెచ్చులుగా రాలుతుంటే ట్యాంకు అడుగు పలచబడి ఉంటుంది, బయటి వైపు అతుకుల దగ్గర పెట్రోల్ చెమ్మ కనిపిస్తుందేమో చూడాలి. లోపల ఎవరో లైనింగ్ పూసి అది ఊడిపోతుంటే, దాన్ని తీయడం తుప్పు తీయడం కన్నా పెద్ద పని.

ఆ తర్వాత నేను చూసేది స్క్రూ తలలు. ఈ పాత బండ్ల ఇంజిన్ కవర్లకు, కార్బురేటర్లకు ఉండే ప్లస్ గుర్తు స్క్రూలు జపాన్ జేఐఎస్ కొలతవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు. బలం పెట్టి తిప్పితే జారి తలను గుండ్రంగా తినేస్తుంది. కవర్ స్క్రూలన్నీ అలా అరిగిపోయి, ఒకటి రెండు చోట్ల ఉలి పెట్టి కొట్టిన గాట్లు కనిపిస్తే, ఆ కవర్ వెనక కూడా అదే తీరులో పని జరిగి ఉంటుంది. స్క్రూలు చెక్కుచెదరకుండా ఉంటే, బండి ఎంత దుమ్ము కొట్టుకుని ఉన్నా నాకు దాని మీద నమ్మకం కలుగుతుంది. కొన్న తర్వాత మీరు మొదట కొనాల్సిన పనిముట్టు కూడా జేఐఎస్ స్క్రూడ్రైవరే.

ముందు ఫోర్క్ గొట్టాల మీద గోరుతో గీసి చూడండి. క్రోమ్‌లో గోరుకు తగిలే గుంటలుంటే కొత్త ఆయిల్ సీళ్లు వేసినా త్వరగానే చిరుగుతాయి. ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు అనిపిస్తే స్టీరింగ్ బేరింగులు మార్చాలి, అది పెద్ద ఖర్చు కాదు. నడిపే వీలుంటే రెండో గేరులో గట్టిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. గేరు జారి న్యూట్రల్‌లోకి దూకితే మాత్రం ఇంజిన్ దింపి రెండుగా విప్పాల్సిందే.

సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఒకటి వెంట తీసుకెళ్లండి. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ప్లగ్గులు తీసి కొలవాలి. కొలత ఎంతన్నది ఒక్కో ఇంజిన్‌కు ఒక్కోలా ఉంటుంది, సిలిండర్ల మధ్య తేడా ఎంతుందన్నదే అసలు విషయం. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదు. వాల్వ్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు, సరిచేస్తేనే కొన్నిసార్లు ఇది పోతుంది.

ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాల్లో ఉన్నవాటితో అంకె అంకె కలవాలి. కలవకపోతే ధర ఎంత తగ్గించినా వెనక్కి వచ్చేయండి.

ఇక ఏ మోడల్

జపాన్ ఇంజిన్లు మొండివి. సరిగ్గా ఆయిల్ మార్చిన ఇంజిన్ అంత తేలిగ్గా పాడవదు. తేడా అంతా ఏ జబ్బు ఏ బండికి ఉంది, అది ఎంత లోతున ఉంది అన్నదాంట్లోనే. ఆ జబ్బుల్లో ఏది మీరు సొంతంగా నయం చేయగలరో చూసి ఎంచుకోండి.

ముందు సిలిండర్ల సంఖ్య. నాలుగు సిలిండర్లంటే నాలుగు కార్బురేటర్లు. అవన్నీ ఒకే వరసలో, గట్టిపడిపోయిన రబ్బరు బూట్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి. వాటిని బయటికి తీయడం, తిరిగి ఎక్కించడం ఓర్పుకు పరీక్ష. సైలెన్సర్లు కూడా నాలుగున్న మోడళ్లలో లోపలి చెమ్మకు అవి తుప్పు పట్టి పోతాయి, ఒరిజినల్ సెట్ కొనాలంటే బండి ధరతో పోటీ పడుతుంది. రెండు సిలిండర్ల బండికి ఈ ఖర్చంతా సగమే. నాలుగు సిలిండర్ల మెత్తటి పరుగు రుచి చూసినవాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు, అయినా మొదటి బండికి రెండు సిలిండర్లే మేలు.

హోండా సీబీ350 ఆ లెక్కన చాలామందికి సరిపోతుంది. 1968 నుంచి 1973 దాకా తయారైంది, లక్షల్లో అమ్ముడైంది కాబట్టి పార్టులు ఇప్పటికీ తిరుగుతూ ఉంటాయి. 325 సీసీ, రెండు కార్బురేటర్లు, తేలిక బండి. వాల్వ్ గ్యాప్ ఇన్‌టేక్‌కు 0.05 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.10. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. దీని బలహీనత ఆయిల్ దగ్గరుంది. కాగితం ఫిల్టర్ ఉండదు, గిర్రున తిరిగే చిన్న గిన్నెలో మురికి పేరుకునే పద్ధతి. క్యామ్‌షాఫ్ట్ బేరింగులు లేకుండా నేరుగా అల్యూమినియంలోనే తిరుగుతుంది. అందుకని ఆ గిన్నె ఎన్నడూ శుభ్రం చేయని బండి అయితే క్యామ్ చివర్లు అరిగి ఉంటాయి. కొన్న వెంటనే ఆ గిన్నె తెరిచి చూడండి. దీని తర్వాత 1974లో వచ్చిన సీబీ360 అచ్చం ఇలాగే కనిపిస్తుంది గానీ, క్యామ్‌కు ఆయిల్ అందే విషయంలో దానికి చెడ్డపేరుంది. రెండూ పక్కపక్కన ఉంటే 350 తీసుకోండి.

కాస్త గంభీరమైన బండి కావాలంటే యమహా ఎక్స్‌ఎస్650. 653 సీసీ, రెండు పిస్టన్లు ఒకేసారి పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి వణుకు ఉంటుంది. అది కొందరికి ఆనందం, కొందరికి చేతుల తిమ్మిరి. ఇంజిన్ కింద భాగం చాలా గట్టిది. 1980ల మధ్య దాకా తయారైంది. తరచూ చెడేది ఛార్జింగ్. ఇందులో రోటర్ (ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగం) శాశ్వత అయస్కాంతం కాదు, కార్బన్ బ్రష్‌ల ద్వారా కరెంటు అందితే అయస్కాంతంగా మారుతుంది. తాళం తిప్పి, ఎడమ వైపు ఆల్టర్నేటర్ కవర్ దగ్గరికి స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. లాగితే రోటర్ బతికే ఉంది. లాగకపోతే ముందు బ్రష్‌లు చూడండి, అరిగిన బ్రష్‌లు మార్చడం చిన్న పని. బ్రష్‌లు బాగుంటే మీటరుతో రోటర్ నిరోధం కొలవాలి, అది సుమారు 5 ఓమ్‌లు ఉండాలి. ఇవన్నీ ఇంజిన్ దింపకుండా చేసేవే, అందుకే ఈ బండి అంటే నాకు ఇష్టం.

నాలుగు సిలిండర్లే కావాలని పట్టుబడితే, హోండా, కవాసకిల పెద్దవాటిని వదిలి చిన్నవాటి వైపు చూడండి. 1969లో వచ్చిన హోండా సీబీ750, 1972 నాటి కవాసకి జెడ్1 లాంటివి ఇప్పుడు సేకరించేవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. వాటి పేరుకే ధర పెట్టాలి. 1974 నాటి హోండా సీబీ550 అదే కుటుంబంలో పుట్టింది, తేలికగా ఉంటుంది, వాల్వ్ గ్యాప్ స్క్రూ నట్టుతోనే సర్దుకోవచ్చు. కవాసకి కేజెడ్650 ఇంజిన్ కూడా మొండిదే.

సుజుకి జీఎస్ వరస గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బుకు తగ్గ విలువ నాకు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. 1976 చివర్లో జీఎస్750తో మొదలై, 400, 550, 1000, చైను బదులు కార్డన్ షాఫ్ట్ అనే కడ్డీతో నడిచే 850 దాకా వచ్చాయి. రోలర్ బేరింగులున్న క్రాంక్‌షాఫ్ట్ వల్ల ఆ మొదటి ఇంజిన్లు పెద్ద దెబ్బలు కూడా తట్టుకుంటాయి. హోండా పేరుకున్న గిరాకీ వీటికి లేదు, అందుకే ఇంకా అందుబాటులో ఉన్నాయి. రెండు జబ్బులు మాత్రం తప్పవు. ఒకటి రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచేది), స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే తీగ చుట్టలు) కాలిపోవడం. కాలిపోయిన రెగ్యులేటర్ స్థానంలో ఈ కాలపు బండి రెగ్యులేటర్ వేసి, దానికి మంచి ఎర్త్ వైరు ఇస్తే ఆ బాధ తీరుతుంది. రెండోది చాలామందిని ఏడిపించేది. బండి స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఐడిల్ ఒక్కసారిగా పెరిగిపోయి, కిందికి దిగడానికి సతాయిస్తుంది. కార్బురేటర్లే అనుకుని మళ్లీ మళ్లీ విప్పి కడుగుతారు. అసలు దొంగ కార్బురేటర్లకూ హెడ్‌కూ మధ్య ఉండే రబ్బరు బూటు వెనక దాక్కుంటుంది. అక్కడ గాడిలో చిన్న ఓ రింగు ఉంటుంది. దశాబ్దాల వేడికి అది గుండ్రదనం పోయి, పలచగా, ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది. ఆ సందులోంచి గాలి దొంగతనంగా లోపలికి వెళ్తుంది. తీసి చూస్తే గోటితో నొక్కినా అణగదు. వేడిని తట్టుకునే కొత్త రింగులకు పెద్ద ఖర్చేమీ లేదు. తిప్పలంతా బూటు స్క్రూలతోనే. వాటిని నెమ్మదిగా, ఇంపాక్ట్ డ్రైవర్‌తో తీయాలి. ఇంజిన్ నడుస్తుండగా బూటు మొదట్లో కొద్దిగా నీళ్లు స్ప్రే చేస్తే శబ్దం మారుతుంది, గాలి ఎక్కడ లీకవుతోందో దాంతో పట్టుకోవచ్చు. జీఎస్‌లో వాల్వ్ గ్యాప్‌కు చిన్న బిళ్లలు మార్చాలి, దానికో ప్రత్యేక పనిముట్టు కావాలి. కానీ ఒకసారి కుదిరితే చాలాకాలం కదలవు.

హోండా సీఎక్స్500 చవకగా దొరికితే ఆశ పుడుతుంది. 1978లో వచ్చింది, నీళ్లతో చల్లబడే ఇంజిన్, చైను లేదు, ట్యూబ్ లేని టైర్లు. బాగున్నది దొరికితే దూర ప్రయాణాలకు దాన్ని మించింది లేదు. చిక్కల్లా స్టేటర్, వాటర్ పంప్ సీలు రెండూ ఇంజిన్ వెనక కవర్ లోపల ఉండటం. ఏది పోయినా ఇంజిన్ ఫ్రేమ్ నుంచి దింపాల్సిందే. మొదటి ఏళ్ల బండ్లలో స్పార్క్‌కు కావలసిన కరెంటు కూడా ఆ స్టేటర్ నుంచే వస్తుంది కాబట్టి, అది పోతే బండి వేడెక్కగానే ఆగిపోతుంది. కొనేముందు స్టేటర్ వైర్ల మీద మీటరు పెట్టి కొలవకుండా ధర మాట్లాడొద్దు.

టూ స్ట్రోక్‌లు, అంటే యమహా ఆర్డీ350, కవాసకి మూడు సిలిండర్లవి, వాటి మీద మోజు నాకు అర్థమవుతుంది. పైభాగం విప్పడం చాలా సులువు కూడా. కానీ ఏళ్లు నిలబడితే క్రాంక్ సీళ్లు ఎండిపోయి గాలి పీలుస్తాయి, గాలిలో కలిసే పెట్రోల్ పాలు తగ్గి పిస్టన్‌కు చిల్లు పడుతుంది. సీళ్లు మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. ధరలు కూడా బాగా పెరిగాయి. రెండో బండిగా ఆలోచించండి.

అసలు బడ్జెట్ బాగా తక్కువైతే ఒంటి సిలిండర్ వైపు రావడంలో తప్పేమీ లేదు. యమహా ఎస్ఆర్500కు తమ్ముడు ఎస్ఆర్400 2021 దాకా తయారైంది కాబట్టి పార్టులకు లోటుండదు. కిక్ కొట్టే పద్ధతి నేర్చుకోవాలంతే. హోండా సీజీ125 లాంటి చిన్న బండి ఇంకా తేలిక, అన్ని పనులూ అరచేతిలో ఉన్నట్టుంటాయి.

కొన్నాక డబ్బు ఎక్కడ పెట్టాలి

మొదట ఆగడం, ఆ తర్వాత నడవడం. టైరు పక్క గోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది, గాట్లు ఎంత లోతుగా ఉన్నా తీసేయాల్సిందే. డిస్క్ బ్రేకుల రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి మూసుకుపోతాయి, బయటికి కనబడదు. గొట్టాలు, సీళ్లు మార్చి ఫ్లూయిడ్ కొత్తది పోయండి. డ్రమ్ముల్లో పాత షూల లైనింగ్ ఊడి వచ్చి చక్రం పట్టేస్తుంది. ఇక్కడ పొదుపు మాట వద్దు.

తర్వాత వరస ముఖ్యం: కంప్రెషన్, వాల్వ్ గ్యాప్, స్పార్క్ టైమింగ్, అన్నిటికన్నా చివర కార్బురేటర్లు. చాలామంది కార్బురేటర్లతో మొదలుపెట్టి, వాల్వ్ తప్పును జెట్లతో దిద్దాలని చూస్తారు.

కార్బురేటర్లను ఒక్కొక్కటిగా విప్పండి, ఒకదాని పార్టు ఇంకోదాంట్లోకి పోకూడదు. మూసుకుపోయేది దాదాపు ఎప్పుడూ ఐడిల్ జెట్టే. దాని రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నిఖార్సైన గుండ్రటి చుక్క కనబడాలి. ఇనుప తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు. చవక రిపేరు కిట్లలోంచి రబ్బరు రింగులు వాడుకోండి, ఇత్తడి జెట్లు మాత్రం కడిగిన పాతవే ఉంచండి. కొత్తవాటి కొలతలు తరచూ సరిగ్గా ఉండవు.

ట్యాంకు తుప్పుకు తెల్ల వెనిగర్ గానీ సిట్రిక్ యాసిడ్ గానీ చాలు. నానబెట్టి, కడిగి, వంట సోడా నీళ్లతో మరోసారి కడిగి, వెంటనే ఆరబెట్టి పెట్రోల్ నింపాలి. ఆలస్యమైతే కళ్ల ముందే మళ్లీ ఎర్రబడుతుంది.

బండి నడిచాక బ్యాటరీ దగ్గర మీటరు పెట్టండి. ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ వేగం పెంచితే 13.5 నుంచి 14.8 మధ్యకు రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడింది. కొత్త బ్యాటరీని అది కొద్ది రోజుల్లోనే ఉడికించేస్తుంది. అసలు పెరగకపోతే, ఏదైనా కొనేముందు ఎర్త్ కనెక్షన్లన్నీ విప్పి తళతళలాడేలా గీకండి. ఖర్చు లేకుండా ఎన్నో "కరెంటు సమస్యలు" అక్కడితో పోతాయి.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ (బండ్ల ఆయిల్‌కు జపాన్ ప్రమాణం) అని ఉందో లేదో చూసి కొనండి. ఘర్షణ తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. మొదటి ఆయిల్ త్వరగా మార్చేయండి, ఏళ్ల నాటి మురికి అప్పుడే వదులుతుంది.

పెయింటు, క్రోమ్, సీటు కుట్టు పని అన్నిటికీ ఆఖర్న. వాటికి మనసు లాగుతుందని తెలుసు. కానీ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో పెట్రోల్ కాక్ కారుతుంది, బ్రేకుల్లో గాలి తీయాల్సి వస్తుంది, ట్యాంకు ఇంకా చాలాసార్లు ఎత్తి దించాల్సి వస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్క చుక్క పడినా కొత్త పెయింటు బుడగలు తేలి ఊడిపోతుంది. ఎక్కడా చుక్క కారకుండా నడిచాకే ట్యాంకును పెయింటరుకు ఇవ్వండి.